మిషన్ ఆపడం ఖతల్ కాదు

మా ఆపా మనవడు తొమ్మిది రోజులు బతికాడు. పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే పొరలో రంధ్రం. కడుపులోనే పేగులు, కాలేయం ఆ రంధ్రంలోంచి పైకెక్కి ఊపిరితిత్తుల్ని ఎదగనివ్వలేదు. ఈ జబ్బుతో పుట్టి, ఆపరేషన్‌తో బతికే బచ్చాలు చాలామందే ఉన్నారు. కానీ ఆపరేషన్ రంధ్రాన్ని మూస్తుంది, ఊపిరితిత్తుల్ని పుట్టించదు. మావాడివి మరీ చిన్నవి.

అయిదో రోజే డాక్టర్ సాబ్ "ఇక ఫాయిదా లేదు" అన్నాడు. ఖాందాన్ పెద్దలు మాత్రం "వెంటిలేటర్ తీస్తే ఖతల్, గునాహ్" అన్నారు. ఏ ఆలిమ్‌ని అడిగి అన్నారు? ఎవర్నీ అడగలేదు. ముగ్గురు నమ్మకమైన డాక్టర్లు ఆశ లేదని తేలిస్తే ప్రాణం నిలిపే మిషన్లు వాడనక్కర్లేదని 1980ల చివర్లోనే సౌదీ ఉలమా ఫత్వా ఇచ్చారు. నయంకాని రోగికి చికిత్స ఆపడాన్ని మన సుప్రీంకోర్టు కూడా 2018లో షరతులతో ఒప్పుకుంది.

దీన్ని సాకుగా తీసుకుని గరీబు బిడ్డని "బిల్లు కట్టలేరుగా, తీసుకెళ్లండి" అనే ఆస్పత్రులూ ఉన్నాయి. అది ఫైసలా కాదు, జుల్మ్. హద్దు చెప్పాల్సింది బిడ్డ ఊపిరితిత్తులు. బాప్ జేబు కాదు, మొహల్లా నోరూ కాదు.

ఇలాజ్ ఆపినా నొప్పికి మందు ఆపొద్దు. తల్లిని అడగండి, బిడ్డని ఆమె ఒళ్లో పెట్టండి, చెవిలో అజాన్ చెప్పండి. మా బేటీ తన కొడుకుని మొదటిసారి ఎత్తుకుంది కఫన్‌లోనే. సబర్ చేయమని ఆమెకి చెప్పే ముఖం మాకు లేదు.