కూర్చుంటే తప్పా?

మొన్న శ్రావణమాసంలో మా ఆవిడ వెంట చీరల కొట్టుకి వెళ్ళాను. మేమిద్దరం మెత్తటి కుర్చీల్లో కూలబడ్డాం. నలభై చీరలు విప్పి చూపించిన పిల్ల మాత్రం నిలబడే ఉంది. "కాస్త కూర్చోమ్మా" అన్నాను. "అమ్మో! కెమెరాలో చూస్తారండీ" అంది.

కూర్చోవడం కూడా దొంగతనమేనా అండీ?

యజమానిగారిని అడిగితే, కూర్చుని చూపిస్తే వచ్చినవాళ్ళకి మర్యాద కాదన్నారు. ఆ మాట ఆయన కూర్చునే అన్నారు! బ్యాంకులో గుమాస్తా కూర్చునే డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. జడ్జిగారు కూర్చునే తీర్పు చెబుతారు. అక్కడ ఎవరి మర్యాదా మంటగలవలేదే!

పోనీ, ఇదేమన్నా గొంతెమ్మ కోరికా? నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. కానీ చీరల కొట్టు ఫ్యాక్టరీ కాదుగా! కోళిక్కోడ్ మిఠాయి వీధి కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోట్లాడాక 2018లో కేరళ, ఆ తర్వాత 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను సవరించి, కూర్చునే వీలు కల్పించాల్సిందే అన్నాయి.

పొద్దుణ్ణించి రాత్రిదాకా నిలబడ్డ ఆ పిల్ల ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడాలి. అది మన ఇంటి పిల్లయితే ఊరుకుంటామా? అంచేత ఈసారి బేరమాడే ముందు, "ఆ అమ్మాయికో స్టూలు వేయించండి, తర్వాత చీర చూస్తాం" అనండి. బేరం పోతుందంటే స్టూలు దానంతటదే నడిచొస్తుంది!