త్రోవప్రక్క నిలుచువారు

మారథాను అను దీర్ఘమైన పరుగుపందెమును గూర్చి మన సోదరీమణులు వినియే యుందురు. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. విజయవాడనుండి గుంటూరునకు రోడ్డుమీద పోయినను ఇంత దూరము లేదు. వంటయింటికిని పెరటికిని నడుమ దినమంతయు తిరుగు మనకు ఈ పరుగుతో నేమి పని యని కొందరనవచ్చును. నిజమునకు మాకును పరుగెత్తువారికంటె త్రోవప్రక్క నిలిచి కేకలువేయువారిమీదనే మక్కువ.

మన దేహము ఆహారమునుండి గ్రహించిన చక్కెరను గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును కండరములయందును దాచుకొనును. గాదెలోని ధాన్యమువలె దానికిని ఒక పరిమితి కలదు. సామాన్యముగా 30 కిలోమీటర్లు దాటుసరికి ఆ గాదె అడుగంటును. అంతవరకు తేలికగా సాగిన కాళ్లు రోకళ్లవలె బరువెక్కును. ఇక చాలునని మనస్సే మొరాయించును. పరుగువారు ఈ దశను 'గోడ' యందురు. గోడ తగిలినవారికి మంచినీరును తీపి పానీయములును అందించుటకు త్రోవపొడవునను మనుష్యులుందురు. వానితోపాటు ముక్కుమొగము ఎరుగనివారి కంఠములుకూడ తమ్ము ముందునకు నడిపినవని పరుగెత్తి వచ్చినవారు పెక్కురు చెప్పుదురు.

అమెరికాలోని బోస్టను నగరమున ఈ పందెము 1897లో ఆరంభమైనది. హాప్‌కింటన్ అను నూరినుండి బోస్టనునకు పోవు ఆ త్రోవలో సుమారు సగముదూరమున వెల్లెస్లీ అను స్త్రీల కళాశాల కలదు. మొదటి పందెమునాటినుండియు ఆ విద్యార్థినులు రోడ్డుప్రక్కను బారులుతీరి కేకలువేయుట ఆచారమైనది. వారు కంటబడుటకు మున్నే ఆ ధ్వని పరుగువారి చెవిని సోకునట.

1966వ సంవత్సరమున రాబర్టా గిబ్ అను 23 ఏండ్ల యువతి ఆ పందెమున చేరుటకై వ్రాసికొనెను. అంతదూరము పరుగెత్తుటకు స్త్రీ శరీరము చాలదని నిర్వాహకులు ప్రత్యుత్తరమిచ్చిరి. ఆమె సోదరుని లాగు తొడిగికొని, తలముసుగుగల దళసరి చొక్కా వేసికొని, పందెము మొదలగుచోట పొదలలో దాగియుండి, పురుషులు కొందరు సాగిపోయినపిమ్మట వారిలో కలిసిపోయెను. కొంతసేపటికే వెనుకనున్నవారు ఈమె స్త్రీయని గుర్తించిరి. ముసుగుచొక్కా ఉడుకెత్తించుచున్నది, తీసివేసినచో ఎవరైన పట్టి వెడలగొట్టుదురేమో యని భయము. మేముండగా నిన్నెవరును వెడలగొట్టజాలరని ఆ పురుషులే ధైర్యము చెప్పిరి. ఆమె చొక్కా తీసివైచెను. స్త్రీ యొకతె పరుగెత్తుచున్నదను వార్త ఆమెకంటె ముందుగా వెల్లెస్లీకి చేరెను. విద్యార్థినులు వచ్చువారిని ఒక్కొక్కరినే పరికించుచు, ఆమె కనబడినంతనే గంతులువేయుచు, కంట నీరుపెట్టుకొనుచు కేకలువేసిరి. నాడు ఆ గుంపులో నున్న డయానా చాప్మన్ వాల్ష్ తరువాత ఆ కళాశాలకే అధ్యక్షురాలైనది. గిబ్ 3 గంటల 21 నిముషముల 40 సెకండ్లకు గమ్యము చేరినది. స్త్రీలకు ఆ పందెమున అధికారపూర్వకముగా ప్రవేశము దొరకినది మాత్రము 1972లోనే.

ఈ కథలో మాకు మిక్కిలి నచ్చినది ఆ పురుషుల నడవడి. తమ పరుగు మానుకొని ఆమెను మోయుటకు వారు రాలేదు. పరుగెత్తుచునే ఒక మాట చెప్పిరి, అంతే.

మోయుటయను మాట వచ్చినది గావున ఒలింపిక్ క్రీడలలో జరిగిన రెండు సంగతులు చెప్పవలెను. 1908లో లండనునందు ఇటలీవాడగు డొరాండో పియెత్రి అందరికంటె ముందుగా క్రీడారంగము చొచ్చెను. చొచ్చినవాడు దారితప్పి, తూలి, పలుమారు కూలబడెను. అధికారులు జాలిగొని లేవనెత్తి గీత దాటించిరి. పరుల చేయూత పొందెనని అతని గెలుపు చెల్లలేదు. ప్రథమస్థానము అమెరికావాడగు హేస్‌నకు పోయెను. మరునాడు అలెగ్జాండ్రా రాణి పియెత్రికి వెండిగిన్నె బహూకరించి ఓదార్చెను. ఆ అధికారుల హృదయము మంచిదే. అయినను అతని పరుగును పోగొట్టినది వారి చేతులే.

స్త్రీలకు ఒలింపిక్ మారథాను మొదటిసారి 1984లో లాస్ ఏంజిలిసునందు జరిగినది. స్విట్జర్లండు పక్షమున పరుగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్-షీస్ వయస్సు 39 ఏండ్లు. ఎండ తీవ్రముగా నుండెను. చివరి నీటికేంద్రము ఆమెకు తప్పిపోయెను. క్రీడారంగము చేరుసరికి దేహమొకప్రక్కకు వంగినది, ఒక చేయి వ్రేలాడుచున్నది. వైద్యులు సమీపింపగా ఆమె తొలగిపోయెను, తాకినచో పందెము పోవును గనుక. చెమట యింకను పట్టుచుండుటను వైద్యులు గమనించిరి. దేహము తనలోని వేడిమిని వెలికి పంపగలుగుచున్నదని దాని యర్థము. కావున తాకకుండ ప్రక్కప్రక్కనే నడచిరి. ఆ కడపటి చుట్టునకు 5 నిముషములకు పైగా పట్టినది. జనసమూహము హోరుమని ఉత్సాహపరచుచునే యుండెను. 37వ స్థానమున గీత దాటి, అప్పుడామె వైద్యుల చేతులలో వాలినది. ఆమెను ఆపవలసినదని నాడు కొందరనిరి. వైద్యుల చూపు ఆ చెమటమీద లేకున్నచో మేమును అట్లే యందుము.

త్రోవప్రక్కనుండి వినబడు మాటలన్నియు మేలుచేయునవికావు. ఇంక పది కిలోమీటర్లుండగా 'వచ్చితివి, వచ్చితివి, ఇంక రెండడుగులే' యని దయతో కల్లలాడువారుందురు. పరుగువారికి ఈ మాట యన్న మిక్కిలి కష్టము. మావారు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుదురు. అన్నిటికిని 'భేష్' అనిపించుకొన్న పిల్లవాడు పలకవైపు మరల చూడడనియు, 'మూడవ వరుసదాక సరియే' అనిపించుకొన్నవాడు నాలుగవ వరుసను తానే దిద్దుకొనుననియు వారందురు. సముద్రతీరమున జాంబవంతుడు చేసినదియు నిదియే. హనుమంతునకు లేని బలమును అతడు అంటగట్టలేదు, మరచిన బలమును గుర్తుచేసెను.

మన యిండ్లలో జాంబవంతులు తక్కువ, శల్యులు మెండు. శల్యుడు కర్ణుని రథమును చక్కగనే తోలెను. గుఱ్ఱములను నడపుటలో నతనికి సాటి లేదు. తోలుచునే, ధర్మరాజునకిచ్చిన మాట చొప్పున, పూటపూటకును కర్ణుని తేజస్సును హరించెను. తెలిసి చేసినందువలన శల్యుని తప్పు మనకు కనబడుచున్నది. ఇంటిలోనివారు తెలియక చేయుదురు. అన్నము పెట్టుదురు, రుసుము కట్టుదురు, పుస్తకము కొని తెత్తురు. తెచ్చి చేతికిచ్చుచు 'ఇదియైన తుదముట్టునా' యందురు.

మా వీథిలో ముప్పదియెనిమిదేండ్ల యిల్లాలు ఒకతె దూరవిద్యద్వారా పదవతరగతి పరీక్షకు కూర్చుండదలచెను. వలదని యింట నెవరును అనలేదు. 'ఈ వయసున చదివి ఏ యుద్యోగము చేయవలెను' అని యొకరు, 'అమ్మకు నాకంటె తక్కువ మార్కులు' అని కొడుకు, నవ్వుచునే యనిరి. పరీక్షకు రెండువారములుండగా ఆమె గణితపుస్తకమును అటుకెక్కించినది.

దానిని దింపించినది అత్తగారు. ఆమెకు అక్షరము రాదు. తెల్లవారుజామున నాలుగింటికి కోడలిని లేపి, దీపము ప్రక్క తాను ప్రత్తి ముందు పెట్టుకొని వత్తులు చేయుచు కూర్చుండునది. ఏమి చదివినది, ఎంత వచ్చినది యని అడుగుటకు ఆమెకు సాధ్యము గాదు. లేచునపుడు మాత్రము, 'అమ్మాయీ, నిన్నటికంటె నేడు రెండాకులు ఎక్కువ తిరిగినవే' అనెడిది. ఆ లెక్కయెన్నడును తప్పలేదని కోడలే మాతో చెప్పినది.

తెలుగునందును సాంఘికశాస్త్రమునందును మంచి మార్కులే వచ్చినవి. గణితమున తప్పినది. మరల రుసుము కట్టినది. వత్తులు డబ్బా నిండి, రెండవ డబ్బా సగమైనదట.