రెండు ట్యాంకుల బండికి ఒక్క స్విచ్చే డాక్టరు

ఇంట్లో ఉన్న పాత బైకు ఎప్పుడైనా నడిపారా? రోడ్డు మధ్యలో బండి గునుస్తూ ఆగబోతుంటే ఎడం చెయ్యి కిందికి పెట్టి నాబ్‌ను రిజర్వ్‌కి తిప్పుతాం. రెండు తన్నులు తన్ని మళ్లీ పరుగందుకుంటుంది. ఆ ఒక్క తిప్పుతో మనకి సంగతి తెలిసిపోతుంది: ఇంజిన్‌కి ఏమీ కాలేదు, పెట్రోలే అందలేదు.

ఈ వారం ముచ్చట ఆ సూత్రం మీదే. కాకపోతే బండి కాస్త పెద్దది.

అమెరికాలో 1980లు, 90ల నాటి పికప్ ట్రక్కుల్లో చాలావాటికి రెండు పెట్రోలు ట్యాంకులుంటాయి. 1990 ఫోర్డ్ ఎఫ్-150నే తీసుకోండి. ఒక ట్యాంకు బండి మధ్యలో, ఇంకొకటి వెనకాల. రెండూ కలిపితే సుమారు 130 లీటర్లు! ప్రతి ట్యాంకులో దాని పంపు దానిదే. డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ ఉంటుంది. ముందుకి నొక్కితే ముందు పంపుకి కరెంటు, వెనక్కి నొక్కితే వెనక పంపుకి. పెట్రోలు ముల్లు కూడా ఏ ట్యాంకు వాడుతుంటే దాని లెక్కే చూపిస్తుంది.

ఇక్కడ హ్యూస్టన్‌లో నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడి దగ్గర అలాంటి బండే ఉంది. శని, ఆదివారాల్లో దానికి ట్రైలర్ తగిలించి దోసెలమ్ముతాడు. వేసవి మొదలైందో లేదో బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఫ్రీవే మీద, వెనక ట్రైలర్ ఉండగా ఇంజిన్ ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు మెత్తగా పడుతుంది, ఆ తర్వాత కాలి బలమే దిక్కు. వెనకాలేమో లారీలు!

“అన్నా, ఫిల్టర్ మార్పించా. ముందు ట్యాంకు పంపు కూడా కొత్తదేయించా. ఐనా అంతే. షెడ్డుకి తీసుకెళితే మాత్రం బుద్ధిమంతుడిలా స్టార్టవుతుంది” అన్నాడు. ఇంకో పంపుకి డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు కూడా.

ఉండి ఉండి వచ్చే రోగాలకి ఇదే తంటా. డాక్టర్ ముందు కూర్చోగానే జ్వరం తగ్గిపోతుంది. అందుకే పార్టులు కొనడం ఆపించి, ఫోన్‌లో నోట్స్ తెరిపించాను. బండి ఆగిన ప్రతిసారీ నాలుగే ముక్కలు రాయాలి. ఏ ట్యాంకు మీద ఉన్నాడు? అందులో ఎంత పెట్రోలుంది? స్టార్ట్ చేసి ఎంతసేపైంది? స్విచ్ మార్చితే ఏమైంది? ట్రైలర్ తగిలించకుండా, ఊళ్లో రోడ్ల మీద, రెండు వారాలు.

ఎందుకీ లెక్క అంటారా? ఈ బండిలో కొన్ని భాగాలు రెండు ట్యాంకులకీ ఉమ్మడి. పంపు రిలే, ఫ్రేముకి బిగించిన ఫిల్టర్, ఇంజిన్ దగ్గరి ప్రెషర్ రెగ్యులేటర్, గుద్దుకున్నప్పుడు పంపుని ఆపేసే ఇనర్షియా స్విచ్ అందులోకి వస్తాయి. కొన్ని దేనికవే. పంపు, దాని అడుగున ఉండే జల్లెడ, పంపుకి వెళ్లే వైర్లు, కనెక్టర్ ఈ లెక్కలోవి. రెండు ట్యాంకుల మీదా ఆగుతోందంటే దొంగ ఉమ్మడి ఇంట్లో ఉన్నాడు. ఒక్కదాని మీదే ఆగుతోందంటే ఆ వాటాలోనే వెతకాలి. డ్యాష్‌బోర్డు స్విచ్ మాత్రం రెండు వాటాల మధ్య గుమ్మం లాంటిది, దాన్ని రెండు లెక్కల్లోనూ చూడాలి.

ఇంకో మెలిక ఉంది. అసలు తప్పు పెట్రోలుదేనా? ఈ తరం ఫోర్డుల్లో డిస్ట్రిబ్యూటర్‌కి అతుక్కుని ఒక ఇగ్నిషన్ మాడ్యూల్ ఉంటుంది. అది వేడెక్కితే స్పార్క్ ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది. అచ్చం పెట్రోలు అందనట్టే ఉంటుంది! దాన్ని పట్టుకోవాలంటే బండి ఆగిపోయి ఉన్న ఆ క్షణంలోనే స్పార్క్ టెస్టర్ పెట్టి చూడాలి. చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

రెండు వారాల తర్వాత నోట్స్ చూస్తే కథ సగం తేలిపోయింది. ఏడుసార్లు ఆగింది. ఏడుసార్లూ ముందు ట్యాంకే. ట్యాంకు నిండుగా ఉన్నా, సగమున్నా ఒకటే. ఎండలో అరగంట నడిచాకే. ఆగబోతుండగా స్విచ్ వెనక్కి మార్చితే కొన్ని క్షణాల్లో తేరుకుంది. ఒక్కసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. ప్రతిసారీ అదే జరిగితే సాక్ష్యమే. స్పార్క్‌దే తప్పైతే ట్యాంకు మార్చినంత మాత్రాన ఇంజిన్ బతకదు కదా! రిలే, ఫిల్టర్, మాడ్యూల్ అన్నీ ఒక్క దెబ్బతో బయటపడ్డాయి.

మరి ముందు పంపు కొత్తదే! అక్కడే కొలవాలి.

ఇంజిన్ మీద ఫ్యూయల్ రైల్‌కి టైరు వాల్వు లాంటి చిన్న వాల్వు ఉంటుంది. దానికి ప్రెషర్ గేజ్ తగిలించాం. ఈ 5.0 లీటర్ల వీ8కి తాళం తిప్పి పంపు తిరిగినప్పుడు 35 నుంచి 45 పీఎస్ఐ రావాలి. వచ్చింది. ఎండలో ఆపకుండా ఇంజిన్‌ను నడుపుతూ చూస్తే ముల్లు మెల్లగా దిగజారడం మొదలైంది. వెనక ట్యాంకుకి మార్చగానే లేచి నిలబడింది.

ముల్లు జారుతున్నప్పుడే పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాం. పాజిటివ్ వైపు కరెంటు నిక్షేపంగా వస్తోంది. ఎర్త్ వైపు మాత్రం 4 వోల్టులకి పైగా పోతోంది! ఆరోగ్యంగా ఉన్న ఎర్త్‌లో ఒక వోల్టులో పదో వంతో, రెండు వంతులో మించి పోకూడదు. వైరు పట్టుకుని వెళితే చివర కనెక్షన్ పచ్చగా చిలుము పట్టి ఉంది. కరెంటు పారేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ కరెంటును అడ్డుకుంటుంది. చల్లారాక మళ్లీ మామూలే. ముప్పై ఏళ్లు దాటిన బండికి ఆ మాత్రం చిలుము సహజమే.

మరి షెడ్డులో ఎందుకు దొరకలేదు? పంపు ప్లగ్ ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపు నిండుగానే ఉంటుంది. తిప్పితేనే ధార సన్నమని తెలుస్తుంది. కరెంటూ అంతే. పంపు తిరుగుతుండగా కొలిస్తేనే నిజం చెబుతుంది.

కొత్త టెర్మినల్ ఒకటి, గీకి శుభ్రం చేయడానికి ఉప్పుకాగితం. ఖర్చు అంతే. మళ్లీ ఎండలో గంటసేపు నడిపినా ముల్లు కదల్లేదు. అప్పుడే ట్రైలర్ తగిలించమన్నాను.

ఇలాంటి ట్రక్కు మీ చేతికొస్తే ఇంకో లక్షణం కూడా గమనించండి. ఒక ట్యాంకు వాడుతుంటే రెండోది దానంతటదే నిండుతోందా? ఇంజిన్ వాడుకోగా మిగిలిన పెట్రోలు తిరిగి రావాల్సిన ట్యాంకుకి కాకుండా పక్కదానికి పోతోందన్నమాట. నిండిన ట్యాంకు పొంగితే నిప్పు ప్రమాదం. దాన్ని వాయిదా వేయొద్దు. పాత షెవర్లే ట్రక్కుల్లో అయితే ట్యాంకులు మార్చే వాల్వే వేరేగా ఫ్రేము మీద ఉంటుంది. అనుమానితుల జాబితాలో దాన్నీ రాసుకోవాలి.

జాగ్రత్త మాట కూడా ఒకటి. రైల్‌లో పెట్రోలు ఒత్తిడితో ఉంటుంది. గేజ్ పెట్టేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి, గుడ్డ అడ్డం ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చేతికి అలవాటు లేకపోతే మెకానిక్‌నే పట్టుకోండి, మీ నోట్స్ మాత్రం ఆయన చేతిలో పెట్టండి.

మాకెందుకు ఈ ట్రక్కు గోల అనుకుంటున్నారా? మీ ఇంట్లో పెట్రోల్–సీఎన్‌జీ కారుంటే మీకూ అలాంటి స్విచ్చే ఉంది. రెండింటి మీదా కుదుపులొస్తే ప్లగ్గులు, కాయిళ్లు, ఎయిర్ ఫిల్టర్ లాంటి ఉమ్మడి సరుకు చూడండి. ఒక్కదాని మీదే వస్తే ఆ వైపే చూడండి. పర్సు తీసే ముందు ఫోన్ తీయండి. నాలుగు ముక్కలు రాసుకోండి.