‘నల్లోడు’ అంటే తప్పేంటన్నా?



పోయిన ఆదివారం ఒక తమ్ముడు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. “నల్లోడు అంటే తప్పేంటన్నా? మా ఊళ్ళో నన్నూ నల్లోడా అనే పిలిచేవాళ్ళు. నీగ్రో అనేది స్కూల్ పుస్తకంలో చదివిన మాటే. అయినా మనం తెలుగులో అనుకుంటే వాళ్ళకేం తెలుస్తది?” అని. దాని కింద నవ్వే బొమ్మలు కొన్ని, తిట్లు కొన్ని పడ్డాయి. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రశ్న అడిగినందుకు తిట్టడం న్యాయం కాదు. బాతెల్ చుట్టుపక్కల వంటగదుల్లో, గ్యాస్ స్టేషన్లలో, వేర్‌హౌసుల్లో మనవాళ్ళు రోజూ నల్లజాతి వాళ్ళ పక్కన నిలబడి పని చేస్తున్నారు. అందుకని ఈ వారం దీని మీదే రాస్తున్నాం.

ముందు ఆఖరి ముక్క సంగతి. వాళ్ళకు తెలుసు. ఒకే స్టవ్ దగ్గర ఆరు నెలలు పనిచేసిన మనిషికి, తను లోపలికి రాగానే మనం ఏ మాట అంటామో, అన్నాక ఎవరు నవ్వుతారో తెలియకుండా ఉండదు. మనల్ని మేస్త్రీ పరాయి భాషలో ఏదో అని పక్కవాడి వైపు చూసి నవ్వితే మనకు అర్థం కావట్లేదా? ‘కాలూ’, ‘కల్లూ’ లాంటి హిందీ మాటలైతే, దేశీ కుర్రాళ్ళతో చదివిన, పనిచేసిన వాళ్ళలో చాలామందికి ఎప్పుడో తెలుసు.

ఇక ‘నీగ్రో’. మనలో పెద్దవాళ్ళు దీన్ని మర్యాద మాటే అనుకుని అంటారు. ఒకప్పుడు మర్యాదే. అంతకుముందు ‘కలర్డ్’ అనేది మర్యాద. 1909లో పుట్టిన వాళ్ళ పెద్ద హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది. తర్వాత ‘నీగ్రో’ అనే మాటకు గౌరవం కోసం డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. ఇంగ్లీషులో మనిషి పేరు, జాతి పేరు పెద్దక్షరంతో మొదలవుతాయి, వస్తువు పేరు చిన్నక్షరంతో. ఈ మాటను మాత్రం పత్రికలు చిన్నక్షరంతోనే రాసేవి. న్యూయార్క్ టైమ్స్ దాన్ని పెద్దక్షరంతో రాయడం మొదలుపెట్టింది 1930లో. ఒక్క అక్షరం కోసం అంత పోరాటం! 1963లో వాషింగ్టన్ డీసీ సభలో మార్టిన్ లూథర్ కింగ్ తన వాళ్ళను నీగ్రో అనే అన్నాడు.

మూడేళ్ళు తిరక్కుండానే గాలి మారింది. 1966లో మిసిసిపీలో స్టోక్లీ కార్మైకేల్ ‘బ్లాక్ పవర్’ అని నినాదం ఇచ్చాడు. అదివరకు తిట్టుగా విన్న ‘బ్లాక్’ని కుర్రాళ్ళు ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు. 1988లో జెస్సీ జాక్సన్ ‘ఆఫ్రికన్ అమెరికన్’ అందాం అన్నాడు. ‘నీగ్రో’ మాత్రం సర్కారు కాగితాల్లో అలాగే వేలాడింది. 2010 జనాభా లెక్కల ఫారంలో కూడా ఉంది. తీసేస్తున్నామని సెన్సస్ వాళ్ళు 2013లో చెప్పారు. పాత చట్టాల్లోంచి తీసేస్తూ ఒబామా 2016లో సంతకం పెట్టాడు. మన స్కూల్ పుస్తకం ఎప్పటిదో చూసుకోండి మరి.

ఇలా పేర్లు మారుస్తూ పోతే ఎట్లా గుర్తుపెట్టుకోవాలి అని కొందరు విసుక్కుంటారు. మనకు ఈ విసుగు నప్పదు. 1917లో బెజవాడలో పంచమ సభ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పురాణాల్లో ఎక్కడా లేని ఈ ‘పంచమ’ ఏంటి, మేం ఈ నేల మొదటి మనుషులం, మేం ఆది ఆంధ్రులం అని అక్కడ తేల్చారు. తర్వాత గాంధీగారు ‘హరిజన’ అన్నారు. ప్రేమతోనే అన్నారు కావచ్చు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. 1985 కారంచేడు తర్వాత దళిత మహాసభ వచ్చింది, మా పేరు మేం చెప్పుకుంటాం అంది. ఇవాళ ఊళ్ళో ఎవరైనా పాత కులం మాట అని, “మా తాత కూడా అదే అనేవాడు, తప్పేంటి” అంటే మన గ్రూపులో సగం మందికి ఒళ్ళు మండుద్ది. నల్లజాతి వాళ్ళకు మండేదీ ఆ చోటే. మాటకు పాచిపట్టేది పుస్తకంలో కాదు, దాన్ని పలికి పలికి తొక్కిన నోళ్ళలో.

మన పేరునే చూడండి. కాకినాడ పక్కన కోరంగి అనే రేవు ఉండేది. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం మనుషులు ఓడ ఎక్కి రంగం పోయేవాళ్ళు, అంటే రంగూన్. అక్కడ తెలుగు కూలీలందరికీ ‘కోరంగీ’ అని పేరు పడింది. ఊరి పేరే, అందులో బూతు లేదు. కానీ బస్తాలు మోసేవాడు, మురికివాడలో పడుకునేవాడు, తక్కువ కూలికి దొరికేవాడు అని అర్థం దాంట్లో కూరుకుపోయింది. 1930 మే నెలలో ఆ రేవులో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నాయి. కొన్నాళ్ళకు మనవాళ్ళతో రాజీపడి, వచ్చిన బర్మా వాళ్ళను వెళ్ళిపొమ్మన్నాయి. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది, వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. బర్మా కూలీకి, తెలుగు కూలీకి నిజానికి శత్రుత్వం ఏముంది? ఇద్దర్నీ ఒకే కంపెనీ వాడుకుంది. కానీ ఎదుటివాడు మనిషిగా కాకుండా ‘కోరంగీ’గా కనిపించడం ఎప్పుడో అలవాటైపోయింది. కత్తి తీసేటప్పటికి ఆ పని సగం అయిపోయి ఉంది.

ఇదేదో పాత కథ అనుకోకండి. ఓవర్‌టైం డబ్బులు ఎగ్గొట్టిన చోట, మన మనిషి పక్కన సాక్ష్యానికి నిలబడేది ఎవరు? తెలుగు ఓనరు నిలబడడు. గిన్నెలు కడిగే నల్లజాతి అన్న నిలబడాలి. వాడిని రోజూ ‘వీడు’, ‘నల్లోడు’ అని, కాగితం మీద సంతకం కావాల్సిన రోజు ‘బ్రదర్’ అంటే వస్తాడా?

ఇంకొకటి. “ఇద్దరు నల్లోళ్ళు తిరుగుతున్నారు, జాగ్రత్త” అనే ఫార్వర్డులు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్ అనే ఊళ్ళో ఒకాయన ఇలాగే పోలీసులకు ఫోన్ చేశాడు, సన్నగా ఉన్న నల్లవాడు ఒకడు ఇళ్ళ మధ్య తిరుగుతున్నాడని. పోలీసు వచ్చి ఆ మనిషిని నేలకేసి కొట్టాడు. నడుస్తున్నది గుజరాత్ నుంచి కొడుకు ఇంటికి మనవణ్ణి చూసుకోడానికి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన. ఇంగ్లీషు రాదు. మెడ దగ్గర దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ దెబ్బతిన్నాయి. రంగు చెప్తే మనిషి ఆనవాలు చెప్పినట్టు కాదు. దొంగతనం జరిగితే టైం రాయండి, ఏం జరిగిందో రాయండి, కారు నంబరు రాయండి.

మరి ఏమనాలి? పేరు తెలిస్తే పేరుతో పిలవండి, అన్నిటికంటే అదే సులువు. తెలుగులో చెప్పాల్సి వస్తే నల్లజాతి మనిషి అనండి. ఇంగ్లీషులో ‘బ్లాక్’ అంటే తప్పులేదు. అందర్నీ ‘ఆఫ్రికన్ అమెరికన్’ అనొద్దు. సియాటిల్ వైపు టాక్సీలు తోలేవాళ్ళలో ఇథియోపియా, ఎరిత్రియా, సోమాలియా వాళ్ళు చాలామంది, వాళ్ళ దేశం పేరు చెప్తే సంతోషిస్తారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. హైదరాబాదులో హబ్సిగూడకు ఆ పేరు నిజాం కొలువులోని హబ్షీల వల్ల వచ్చిందంటారు. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ గుర్రపు దళం ఉన్న చోటు. మన దగ్గర ‘హబ్షీ’ వెక్కిరింత అయిపోయింది. ఇథియోపియా, ఎరిత్రియా వాళ్ళలో ఎంతోమంది ఆ మాట చుట్టమైన ‘హబెషా’ని గర్వంగా చెప్పుకుంటారు.

ర్యాప్ పాటల్లోని ఎన్ మాట సంగతి కుర్రాళ్ళు అడుగుతారు, వాళ్ళు వాళ్ళలో అనుకుంటున్నారుగా అని. మీ జిగ్రీ దోస్తు “ఏరా” అంటే ఒక లెక్క, దారిన పోయేవాడు “ఏరా” అంటే ఒక లెక్క. ఈ మాట అంతకు వెయ్యి రెట్లు. పాటతో కలిపి కూడా పాడొద్దు.

చట్టం సంగతి రెండు ముక్కలు. పనిచోట జాతి పేరుతో వేధించడం 1964 ఫెడరల్ చట్టం ప్రకారం, వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం కూడా తప్పు. తెలుగులో తిట్టాం కాబట్టి లెక్కలోకి రాదు అనుకోవద్దు. అవే చట్టాలు మనల్నీ కాపాడతాయి. మిమ్మల్ని మీ దేశం పేరుతో, రంగు పేరుతో ఎవరైనా తిడుతుంటే తేదీ, టైం, విన్నవాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని మాకు చెప్పండి.

ఈ నెల నుంచి గ్రూపులో రంగు పేరుతో ఎవరినైనా అనే మెసేజ్ వస్తే అడ్మిన్లు తీసేస్తారు. పెట్టినవాళ్ళను అందరి ముందూ తిట్టరు, విడిగా ఫోన్ చేసి మాట్లాడతారు. రెండోసారీ అదే పని చేస్తే నెల రోజులు గ్రూపు బయట. వాయిస్ మెసేజ్‌లకూ ఇదే లెక్క, స్టిక్కర్లకూ ఇదే. ముఖ్యంగా స్టిక్కర్లకు.