ఇంటి లెక్క: దుబాయ్‌లో కాపురమంటే ఎంతవుతుంది?

జగిత్యాల నుంచి ఒక చెల్లెలు రాసింది. "మా ఆయనకి దుబాయ్‌లో తొమ్మిది వేల దిర్హాముల ఉద్యోగం కుదిరింది. నెలాఖరులోగా జవాబు చెప్పాలట. ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి అందరం వెళ్దామంటారు ఆయన. ముందు వాడొక్కడూ వెళ్లనీ అంటారు మా అత్తగారు. రెండు లక్షల జీతంలో మేమిద్దరం, పిల్లలిద్దరం బతకలేమా అక్కా?"

దిర్హాముకి ఈమధ్య ఇరవై మూడు రూపాయలు దాటింది కాబట్టి తొమ్మిది వేలంటే రెండు లక్షల పైమాటే, నిజమే. కానీ తల్లీ, అక్కడ పాలవాడికీ ఇంటివాడికీ ఇచ్చేది రూపాయలు కాదుగా! జీతం దిర్హాముల్లో వస్తే ఖర్చూ దిర్హాముల్లోనే రాసుకోవాలి. ఇక్కడికి పంపాల్సిన డబ్బు ఒక్కటే రూపాయల్లో చూసుకోవాలి.

ముందు ఇల్లు. ఈ చెల్లెలు వాళ్లాయన స్నేహితుడు అల్ కుసైస్‌లో ఒక పడకగది ఇల్లు చూశాడట, ఏడాదికి అరవై వేలు. అక్కడ అద్దె మనలాగా నెలనెలా చేతిలో పెట్టేది కాదు. ఏడాది అద్దెకి ముందే చెక్కులు రాసివ్వాలి. నాలుగు చెక్కులకి ఒప్పుకున్నాడనుకోండి, మొదటిది 15,000. సామాను లేని ఇంటికి మామూలుగా అడిగే అడ్వాన్సు నూటికి అయిదు, అంటే 3,000. ఏజెంటు కమీషను ఇంకో 3,000. కరెంటు, నీళ్ల కనెక్షనుకి దేవా వాళ్ల దగ్గర కట్టే డిపాజిట్టు, ఫ్లాటుకైతే 2,000. మొత్తం 23,000 దిర్హాములు! గిన్నె కొనకుండా, పొయ్యి వెలిగించకుండా, తాళం చెవి చేతికి రావడానికే అయిదు లక్షల రూపాయల పైన. మొదటి జీతం ఇంకా అందనే లేదు. ఈ డబ్బు ఎక్కడిది అని మీవారిని అడగండి. "ఎలాగో సర్దుతాను" అంటే మీ మెడలో గొలుసు సంగతి ఆలోచిస్తున్నారన్నమాట.

ఇక నెల లెక్క. అద్దె నెలకి 5,000 పడింది. అద్దెలో నూటికి అయిదు చొప్పున మునిసిపాలిటీ ఇంటి రుసుము కరెంటు బిల్లులోనే కలిపి వసూలు చేస్తారు, అది 250. పిల్లలిద్దరికీ సి.బి.ఎస్.ఇ. స్కూలు ఫీజు, బస్సు కలిపి ఏడాదికి 24,000 అని కనుక్కుందట ఈ అమ్మాయి. నెలకి 2,000. అన్నీ కలిపితే 7,250. చేతిలో మిగిలేది 1,750.

అందులోనే బియ్యం, పప్పు, పాలు, కూరలు, సబ్బులు, ఆయన రాకపోకలు, ఫోను. ఎంత పొదుపుగా వండినా నలుగురికి తిండికే వెయ్యి దాటుతుందని నా అంచనా. 2018 నుంచి సరుకుల మీద నూటికి అయిదు వ్యాట్ కూడా ఉంది. ఎండాకాలం ఏసీ ఆపితే ఉండలేం. చల్లదనం ఖర్చు అద్దెలోనే కలిసిన ఇళ్లుంటాయి, చిల్లర్ ఫ్రీ అంటారు. ఇల్లు చూసేటప్పుడు ఆ మాట తప్పకుండా అడగాలి. షార్జాలో అద్దె తక్కువని చాలామంది అక్కడ దిగుతారు. అయితే పొద్దున్నే దుబాయ్ వెళ్లే రోడ్డు మీద కార్ల బారులు చూస్తే మగవాళ్ల ఓపికకి దండం పెట్టాలి.

ఇవతల చీటీకి పదిహేను వేలు, అత్తగారి మందులకి నాలుగు వేలు పంపాలి. అంటే 800 దిర్హాముల పైన. ఎక్కడినుంచి తెస్తారు? ఇంకొకటి, ఈ అమ్మాయి ఉత్తరం చివర్న ఏదో మామూలుగా రాసేసింది, తను జాకెట్లు కుట్టి నెలకి పదివేలు సంపాదిస్తుందట. ఇల్లు ఖాళీ చేస్తే అదీ పోతుంది. మగవాళ్లు వేసే లెక్కల్లో ఈ పదివేలు ఎప్పుడూ కనిపించవు. మీరైనా రాసుకోండి.

భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి అక్కడి ప్రభుత్వం అడిగే జీతం నాలుగు వేల దిర్హాములే. వీసా ఇస్తారు గదా అని బయల్దేరితే సరిపోదు. నన్నడిగితే ఈ ఉద్యోగానికి అత్తగారి మాటే బాగుంది. అక్కడ ప్రొబేషను ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఆ లోపల కంపెనీ వద్దంటే? ఇంటివాడి చేతిలో మన చెక్కులుంటాయి, పిల్లల పేర్లు ఇక్కడి బడిలో కొట్టేసి ఉంటారు. ఆయన ముందు వెళ్లి, పంచుకునే గదిలో ఉండి, ఉద్యోగం ఖాయమయ్యాక కబురు పెట్టాలి. అక్కడ మన సిలబస్ బళ్లు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కాబట్టి చదువు మధ్యలో తెగదు.

అయితే జవాబిచ్చే ముందు ఆయన కంపెనీని కాగితం మీద అడగాల్సినవి ఉన్నాయి. తొమ్మిది వేలలో ఇంటి అలవెన్సు కలిసుందా, విడిగా ఇస్తారా? విడిగా అయితే నేను పైన వేసిన లెక్కంతా మారిపోతుంది, హాయిగా అందరూ వెళ్లొచ్చు. ఆరోగ్య బీమా ఆయనకి కంపెనీ చేయిస్తుంది, మరి మీకూ పిల్లలకీ ఎవరు కడతారు? సెలవులకి టికెట్లు నలుగురికా, ఒక్కరికా? జూలైలో బళ్లకి సెలవులిచ్చేసరికి విమానం ఛార్జీలు మండిపోతాయి. బేసిక్ ఎంతో కూడా చూడాలి. మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ దాని మీదే కడతారు, మొదటి అయిదేళ్లూ ఏడాదికి ఇరవై ఒక్క రోజుల బేసిక్.

ఈ ఆరు నెలల్లో మీరు చేసుకోవాల్సిన పనీ ఉంది. పెళ్లి సర్టిఫికెట్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకుని, ఇక్కడ రాష్ట్రంలో, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖలో, యు.ఏ.ఇ. ఎంబసీలో ముద్రలు వేయించాలి. శుభలేఖ, ఫొటోలు పనికిరావు. పిల్లల బర్త్ సర్టిఫికెట్లూ అంతే.

సామాను సంగతి. మిక్సీ తీసుకెళ్లండి, కరెంటు మనలాంటిదే, ప్లగ్గు మాత్రం చదరపు కాళ్లది కావాలి. కందిపప్పు, కరివేపాకు అక్కడ దొరుకుతాయి, బరువు మోయక్కర్లేదు. మసాలా డబ్బాలో గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా ఉండకూడదు. అక్కడ అవి మత్తుపదార్థం కింద లెక్క, జైలుదాకా వెళ్లిన వాళ్లున్నారు. అత్తగారు కట్టిచ్చే మసాలా పొడిలో కూడా వేశారేమో అడిగి చూడండి.