పనుల లెక్క తీయని చదువుల మండలి ఎందుకు?

జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో రెండు ఖర్చులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి శనక్కాయ విత్తనం, రెండోది పిల్లల కాలేజీ ఫీజు. విత్తనం దగ్గర మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో చెప్పనక్కరలేదు. కాయ వలిచి చూస్తాం. నాలుగు గింజలు తడిపి మొలక కట్టి నూటికి ఎన్ని మొలిచాయో లెక్క పెడతాం. ఎర్ర నేలకు సరిపోతుందా, నల్ల నేలకా అని పదిమందిని అడుగుతాం. మరి అంతకు ఎన్నో రెట్లు డబ్బు పోసే చదువు దగ్గర ఏమడుగుతున్నాం? ఫీజెంత, ఊళ్ళోకి బస్సు వస్తుందా, స్కాలర్‌షిప్ పడుతుందా? అంతే. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఆ చదువు అయ్యాక దానికి పని ఎక్కడుందని అడిగేవాడు లేడు. అడిగినా చెప్పేవాడు లేడు.

దీనికి తల్లిదండ్రులను తప్పు పట్టి లాభం లేదు. ఏ పనికి ఎంతమంది కావాలో, ఏ చదువుకు ఎంత గిరాకీ ఉందో జిల్లాల వారీగా లెక్క తీసి ఊళ్ళకు చెప్పే ఏర్పాటు ఉండాలి. అది లేనప్పుడు పక్కింటి పిల్లవాడు ఏ కాలేజీలో చేరితే మన పిల్లవాడూ అందులోనే చేరతాడు. చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగ శాతం పెరుగుతోందని కేంద్ర ప్రభుత్వం ఏటా జరిపే శ్రామిక సర్వేలే చెబుతున్నాయి. ఉన్నత చదువులను రాష్ట్రంలోని పనుల అవసరాలతో కలిపే ఒక రాష్ట్ర మండలి కావాలన్న మాట అందుకే వస్తోంది. ఆ మాట మంచిదే. కానీ ఆ మండలిలో కూర్చునేది ఎవరు, అది ముందుగా లెక్కించేది దేన్ని అన్న దాని మీదే మనకు మేలో కీడో తేలుతుంది.

ఒక చేనుకు ఆరుగురు కావలివాళ్ళు

మన రాష్ట్రంలో మండళ్ళకూ సంస్థలకూ కొదవ లేదు. 1986 జాతీయ విద్యావిధానం చెప్పిన ప్రకారం దేశంలోనే మొదటి రాష్ట్ర ఉన్నత విద్యామండలిని 1988లో చట్టం చేసి పెట్టుకున్నది మన ఆంధ్రప్రదేశే. విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయం, ప్రణాళిక, ప్రవేశ పరీక్షలు దాని బాధ్యత. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే మండలి ఏర్పడింది. అదే ఏడాది మన దగ్గర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టారు. తెలంగాణ ఇంకో అడుగు వేసి 2024లో నైపుణ్య విశ్వవిద్యాలయానికే చట్టం చేసుకుంది. ఇక 1964లో పుట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం వ్యవసాయ శాఖ కింద ఉంటే, పశువైద్య విశ్వవిద్యాలయం, ఉద్యాన విశ్వవిద్యాలయం వేర్వేరుగా నడుస్తున్నాయి. పాలిటెక్నిక్‌లది ఒక శాఖ, ఐటీఐలది ఇంకొక శాఖ, డిగ్రీ కాలేజీలది మరొకటి.

ఎవరి పని వాళ్ళు చేస్తూనే ఉండవచ్చు. కానీ ఒక చేనుకు ఆరుగురు కావలివాళ్ళుండి, ఎవరి గుడిసె వాళ్ళు ఒక్కో గట్టు మీద వేసుకుంటే నడిమధ్యలో పంది పడినా ఎవరికీ కనపడదు. మన పిల్లల సంగతి అలాగే ఉంది. డిగ్రీ చదివినవాడికి చేతి పని రాదు. ఐటీఐ చదివినవాడికి పై చదువుకు దారి సరిగా తెలియదు. వ్యవసాయ డిప్లొమా చదివినవాడు ఉద్యోగ ప్రకటన కోసం ఏళ్ళ తరబడి కాచుకుంటాడు. ఈ ముగ్గురికీ కలిపి ఆలోచించే చోటు ఒకటి ఉండాలి కదా!

కారుకు దొరికారు, డ్రిప్పుకు దొరకరు

మన అనంతపురం సంగతే చూడండి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరితే 2019లో కార్లు బయటికొచ్చాయి. 2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. పెద్ద కర్మాగారం వస్తే తనకు ఎలాంటి పనివాళ్ళు ఎంతమంది కావాలో ముందే చెబుతుంది. ప్రభుత్వం వింటుంది, శిక్షణలు పెడుతుంది. మంచిదే, మన పిల్లలకూ పని దొరుకుతుంది. దాన్ని కాదనేవాడు లేడు.

మరి మన సంగతి? 2003లో సూక్ష్మ సేద్యం పథకం మొదలైన దగ్గర నుంచి మన చీనీ తోటల్లో, దానిమ్మ తోటల్లో, శనక్కాయ చేలల్లో డ్రిప్పు పైపులు పరుచుకుంటూ పోయాం. మన బోర్లలో చాలావాటి నీళ్ళు ఉప్పు నీళ్ళే. రెండు మూడేళ్ళకే డ్రిప్పర్లు సున్నం పట్టి మూసుకుపోతాయి. ఆమ్లంతో ఎప్పుడు, ఎంత మోతాదులో కడగాలి, ఫిల్టరు ఎలా శుభ్రం చేయాలి, ఒత్తిడి ఎంత ఉండాలి అనేవి తెలిసిన మనిషి మండలానికి ఒక్కడైనా దొరుకుతున్నాడా? మోటారు కాలిపోతే వైండింగు కోసం టౌనుకు ఎత్తుకుపోవాలి. ఆ రెండు మూడు రోజులు తడి లేక చెట్టు పూత రాల్చుకుంటుంది. మరోపక్క అదే ఊరి రచ్చబండ మీద డిగ్రీ చదివిన పిల్లలు పని లేదని కూర్చుని ఉంటారు. పని ఇక్కడే ఉంది, మనిషీ ఇక్కడే ఉన్నాడు. రెంటినీ కలిపే చదువు లేదు.

కర్మాగారం యజమాని ఒక్కడే, గొంతు పెద్దది. రెండెకరాల రైతులు లక్షల మంది, గొంతు ఒక్కటి కాదు. దేశంలో నూటికి 86 కమతాలు అయిదెకరాల లోపువేనని 2015-16 వ్యవసాయ గణన తేల్చింది. ఇంతమందికి కావలసిన పనివాళ్ళ అవసరం ఏ పరిశ్రమ అవసరానికీ తీసిపోదు. కానీ అది ఏ కాగితం మీదికీ ఎక్కదు. కాబట్టి దానికి తగ్గ చదువూ రాదు.

ముందు పనుల గణన

2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు ముఖ్యమంత్రి పెట్టిన మొదటి అయిదు సంతకాల్లో ఒకటి నైపుణ్య గణన మీద. ఎవరికి ఏ పని వచ్చో లెక్క తీయడం అవసరమే. కానీ అది సగం లెక్క. ఇంట్లో ఎన్ని గింజలున్నాయో కొలుచుకుని, చేను ఎన్నెకరాలో కొలవకపోతే విత్తనం లెక్క ఎలా కుదురుతుంది? ఎవరికి ఏమి వచ్చో తేల్చినట్టే, ఎక్కడ ఏ పని మనిషి కోసం ఎదురుచూస్తోందో కూడా తేల్చాలి. మండలి మొదటి పని ఈ పనుల గణనే కావాలి.

ఊరూరా అడిగితే పనులకు కరువు లేదని తేలుతుంది. డ్రిప్పు, సోలార్ పంపులు బాగుచేసేవాళ్ళు కావాలి. ట్రాక్టరు, రోటవేటరు, నూర్పిడి మిషన్ల మెకానిక్కులు కావాలి. పండ్లను గ్రేడు చేసి ప్యాకింగు చేసేవాళ్ళు, కోల్డ్‌స్టోరేజీ నడిపేవాళ్ళు కావాలి. 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టే పథకం తెచ్చింది. ఒక్కో సంఘానికి మూడేళ్ళలో 18 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. అందులో సీఈవో, అకౌంటెంటు జీతాలూ వస్తాయి. మన డిగ్రీ కాలేజీల్లో బీకాం చదివే పిల్లలకు అలాంటి సంఘం పుస్తకాలు ఎలా రాయాలో చేయించి చూపిస్తే ఉన్న ఊళ్ళోనే ఉద్యోగం కాదా? 2023లో మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకం వచ్చింది. మందు కొట్టడం నేర్పితే సరిపోదు, రెక్క విరిగితే బిగించే మనిషి కూడా కావాలి.

నేర్చుకునే చోట్లు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. వ్యవసాయ యంత్రాల శిక్షణకు, పరీక్షకు కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద పెట్టిన సంస్థలు నాలుగే. అందులో ఒకటి మన గార్లదిన్నెలో ఉంది. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్ళకు 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఈ రెంటికీ ముడి వేసి, ఊరి పిల్లలను ఆ నెలల్లో గార్లదిన్నెకో, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో, రైతు సంఘానికో పంపితే చేతికి పని వస్తుంది. ఏదో ఒక దుకాణంలో సంతకం చేయించుకున్న కాగితానికి అంత విలువ ఉండదు. ఈ ముడి వేయడం ఏ ఒక్క శాఖ చేతిలోనూ లేదు. అందుకే మండలి.

మూడు అనుమానాలు

"ఇంకో మండలా? ఇంకో ఛైర్మనూ, ఇంకో కారూనా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కొత్త భవనం, కొత్త కుర్చీలు మనకు వద్దు. 1988 చట్టాన్నే సవరించి ఉన్న మండలికే ఈ బాధ్యత అప్పజెప్పినా సరే, శాఖలన్నీ దాని మాట వినేలా చట్టంలో రాస్తే చాలు. పేరు ఏదైనా, పని జరగాలి.

రెండోది ఇంకా పెద్ద అనుమానం. "రైతు బిడ్డలు డ్రిప్పులు బిగించుకుంటూ ఉండాలి, పెద్దవాళ్ళ బిడ్డలు మాత్రం డాక్టర్లు, ఇంజనీర్లు కావాలా?" కాకూడదు. పనుల అవసరం పేరు చెప్పి పేద పిల్లల పై చదువు తలుపు మూసే మండలి అయితే దాన్ని మనమే వ్యతిరేకించాలి. డిప్లొమా చదివినవాడు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరే దారి ఇప్పటికే ఉంది. వ్యవసాయ డిప్లొమా వాళ్ళకు అగ్రిసెట్ ఉంది. చేతి పనితో మొదలుపెట్టినవాడు కావాలనుకుంటే పీహెచ్‌డీ దాకా ఎక్కగలిగే నిచ్చెన ప్రతి కోర్సుకూ ఉండాలి. ఎక్కడం, ఆగడం పిల్లవాడి ఇష్టం.

మూడోది కూలి సంగతి. శిక్షణ ఇచ్చినంత మాత్రాన బతుకు నిలబడదు. పల్లెల్లో పశువులకు ఇంటి ముంగిట కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలను చూశాం. మనకు ఎంత అక్కరకొచ్చారో తెలుసు. అయినా చాలీచాలని గౌరవ వేతనాల కోసం వాళ్ళు రోడ్డెక్కవలసి వచ్చింది. కాబట్టి మండలి తీసే లెక్కలో ఎన్ని పనులున్నాయన్నదే కాదు, ఒక్కో పనికి ఎంత వస్తుందన్నది కూడా ఉండాలి.

చట్టంలో ఏముండాలి?

ఒకటి, మండలి సభ్యుల్లో పరిశ్రమల వాళ్ళు ఎంతమంది ఉంటారో చిన్న, సన్నకారు రైతుల, కూలీల, మహిళా సంఘాల ప్రతినిధులు కూడా అంతమంది ఉండాలి. వ్యవసాయ నైపుణ్యాలకు 2013లో ఒక జాతీయ మండలి పెట్టారు, అది ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ఉంది. అంత దూరానికి మన చీనీ తోట కనపడదు. రెండు, ప్రతి జిల్లాకూ ఒక సంఘం ఉండి ఏటా పనుల లెక్క తీయాలి. మూడు, ప్రతి కాలేజీ ఎంతమంది చేరారో, ఎంతమంది పాసయ్యారో, ఏడాది తర్వాత ఎంతమంది ఏ జీతానికి పనిలో ఉన్నారో తెలుగులో రాసి ప్రతి ఏప్రిల్‌లోనూ గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. విత్తన సంచి మీద మొలక శాతం వేయకపోతే అమ్మనివ్వం కదా. కాలేజీకీ అదే నియమం. నాలుగు, వరుసగా చెడ్డ లెక్క వచ్చిన కోర్సుకు సీట్లు తగ్గించి, గిరాకీ ఉన్నదానికి పెంచే అధికారం మండలికి ఉండాలి. అధికారం లేని మండలి దిష్టిబొమ్మతో సమానం. నాలుగు రోజులు పోతే పిట్టలు కూడా భయపడవు.

మీరు చేయవలసింది

చట్టం వచ్చేదాకా ఊరుకోనక్కరలేదు. వచ్చే గ్రామసభలో మీ ఊళ్ళో మనిషి దొరకని పనుల జాబితా ఒకటి రాయించండి. పది పనులు చాలు. మీ రైతు సంఘం తీర్మానంగా దాన్ని కలెక్టరుకూ, ఎమ్మెల్యేకూ, ఉన్నత విద్యామండలికీ పంపండి. పిల్లవాణ్ణి చేర్చే ముందు కాలేజీ వాళ్ళను పోయినేడు పాసైనవాళ్ళు ఎక్కడ పని చేస్తున్నారని నిలదీయండి. వాళ్ళలో ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి తీసుకుని మీరే మాట్లాడండి. చెప్పడానికి వెనకాడే కాలేజీని వదిలేసి ఇంకో కాలేజీ చూసుకోండి. మీ పిల్లవాడో పిల్లో వ్యవసాయ డిగ్రీకి పోవాలనుకుంటే రైతు కుటుంబాలకు ఉన్న ప్రత్యేక కోటా గురించి ముందుగానే కనుక్కుని పాసుపుస్తకం, గ్రామీణ ప్రాంతంలో చదివిన సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కర్మాగారాలు అడిగాయి, వాటికి కావలసిన చదువు వచ్చింది. మన పొలాలకు కావలసిన చదువు రావాలంటే మనమే అడగాలి. ఆ మండలిలో మన కుర్చీ మనమే వేసుకోవాలి.