మెడ లేని హంస

వీడియో గేములంటే కాల్పులూ, కార్ల పందేలూ తప్ప ఇంకేముంటాయి అనేవాళ్ళకి నేను చూపించే ఆట ఒకటుంది: ‘ది అన్‌ఫినిష్డ్ స్వాన్’. జెయింట్ స్పారో అనే చిన్న స్టూడియో 2012లో ప్లేస్టేషన్ 3 కోసం తయారుచేసింది. రెండు మూడు గంటల్లో అయిపోతుంది.

కథ చిన్నదే. మన్రో అనే పిల్లాడి తల్లి 300కి పైగా బొమ్మలు మొదలుపెట్టి, ఒక్కటీ పూర్తిచెయ్యకుండా పోయింది. అనాథాశ్రమం వాళ్ళు ఒక్క బొమ్మే ఉంచుకోమంటే, వాడు అమ్మకిష్టమైన మెడ లేని హంసని తీసుకున్నాడు. ఓ రాత్రి ఆ హంస కాస్తా పటంలోంచి పారిపోతుంది. దాని వెనకాల వాడూ, వాడితో మనమూ.

మొదట్లో తెరంతా తెలుపే. ఏమీ కనబడదు. నల్లరంగు ఉండలు విసిరితే, పడ్డచోట ఏ గోడో, బెంచీయో బయటపడుతుంది. అలాగని ఎడాపెడా విసిరారా, అంతా నల్లబడి మళ్ళీ మొదటికే వస్తుంది! దారి కనబడాలంటే కొంత పులమాలి, కొంత వదిలెయ్యాలి.

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో పూర్తికాని పనికి డబ్బులు రావు. అది అక్కడ న్యాయమే. చిక్కల్లా ఆ లెక్కని ఇంటిక్కూడా మోసుకురావడంతోనే. “ఎలాగూ పూర్తిచెయ్యలేం, మొదలుపెట్టడం ఎందుకూ?” అంటూ కుంచెనో, వీణనో అటకెక్కించినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! బొమ్మ గీస్తున్న పిల్లల్నీ “అయిందా?” అనే అడుగుతాం, “ఏం గీస్తున్నావు?” అనం.

ఆ తల్లి వదిలేసిన సగం బొమ్మే కదా కొడుకుని అంత దూరం నడిపించింది. ఈ శనివారం అటక మీద ఓ చెయ్యి వెయ్యండి. పూర్తవకపోతే పోనీండి.